మూడూళ్ల కేటలాగు

మామగారు పోయిన దగ్గర్నుంచీ మరియంని ఒక సందేహం వదల్లేదు. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన సొత్తుని అమానత్ అంటారు. దాన్ని చెక్కుచెదరకుండా కాపాడి తిరిగి అప్పగించాలి. అంతవరకూ ఆమెకి తెలుసు. కానీ ఆ సొత్తు పుస్తకాలైతే? బీరువాలో పెట్టి తాళం వేస్తే కాపాడినట్టా? అడిగినవాళ్లకి ఇచ్చి, నలిగినా చిరిగినా ఊరుకుంటే కాపాడినట్టా? రేపు అల్లా ముందు నిలబడ్డ రోజున, "నీకిచ్చిన పుస్తకాలేం చేశావు మరియం?" అని అడిగితే, "తాళం వేశాను" అని చెప్పాలా, "ఇచ్చేశాను" అని చెప్పాలా?

ఒకసారి మౌల్వీగారి భార్య దగ్గర ఈ మాట ఎత్తితే, ఆవిడ నవ్వి, "ముందా బీరువాల మీద దుమ్ము దులుపమ్మా, మిగతాది తర్వాత చూద్దాం" అంది. మరియం దుమ్ము దులిపింది. సందేహం మాత్రం అలాగే ఉండిపోయింది.

మామగారు లాల్ సాహెబ్‌కి చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల వ్యాపారం ఉండేది. సంపాదనలో కొంత ఇంటికి, కొంత మసీదుకి, మిగిలింది పుస్తకాలకి. బందరు ఇనగుదురుపేటలో తమ ఇంటి ముందు గదిని రీడింగు రూము చేసి, వీధి వైపు తలుపు పెట్టించాడు. తెలుగు నవలలు, ఉర్దూ కథలు, వంటలు, ఇంటి వైద్యం, ఉద్యోగ పరీక్షల పుస్తకాలు, ఇది అది అని లేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ బల్ల చుట్టూ ఎవరో ఒకరు ఉండేవారు. ఆయన మంచాన పడ్డప్పుడు తాళాల గుత్తి కొడుకులకి కాకుండా కోడలి చేతిలో పెట్టాడు. "మరియం, ఇవి అమానత్" అన్నాడు. ఎవరి అమానత్తో చెప్పలేదు.

మరియం చదివింది పదో తరగతి. అయినా రోజూ సాయంత్రం అసర్ నమాజు చేసుకుని తలుపు తీసి, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా అక్కడే కూర్చునేది. కొన్నాళ్లు ఎవరో ఒకరు వచ్చేవారు. కొన్నాళ్లు ఆమే, ఫ్యానూ.

అలాంటి ఒక సాయంత్రం స్కూటీ దిగి వచ్చింది రమ్య. చల్లపల్లిలో ఒక కాలేజీ లైబ్రేరియన్. హెల్మెట్ తీస్తూనే, "ఇక్కడ ఇన్ని పుస్తకాలున్నాయని బందరులోనే ఎవరికీ తెలీదండీ. నాకు గుడివాడలో ఎవరో చెప్పారు" అంది. తర్వాత తను వచ్చిన పని చెప్పింది. బందరులో ఈ గది, గుడివాడలో గంగరాజుగారి పఠన మందిరం, దివిసీమలో అవనిగడ్డ చర్చి వాళ్ల పఠన మందిరం, మూడింటికీ కలిపి ఇంటర్నెట్లో ఒకే కేటలాగు. ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ. ఆ పేజీలో అది ఏ ఊళ్లో ఉందో ఉంటుంది. మూడు చోట్లా ఉంటే మూడు పేర్లూ ఆ ఒక్క పేజీలోనే ఉంటాయి. అవనిగడ్డలో కూర్చున్నవాళ్లు ఫోనులో చూసుకుని బందరు పుస్తకం అడగొచ్చు. శనివారం శనివారం తనే సంచిలో వేసుకుని ఇటువి అటూ అటువి ఇటూ చేరుస్తుంది.

"దీనికి మీకేమిస్తారమ్మా?" అని అడిగింది మరియం.

"నడుం నొప్పి" అంది రమ్య.

మరియంకి ఆ పిల్ల అక్కడే నచ్చింది.

కానీ గది మరియం ఒక్కదానిది కాదు. ఆమె భర్త సుహైల్‌కీ, మరిది చాంద్‌కీ ఉమ్మడి. సుహైల్ చిలకలపూడిలోనే నగలకి మెరుగు పెట్టే పని చేసుకుంటాడు, అడ్డు చెప్పే మనిషి కాదు. చాంద్‌కి కోనేరు సెంటర్ దగ్గర బ్యాగుల షాపు. వ్యాపారం తెలిసినవాడు. "వీధి మీద గది, భాబీ. ఊరికే పెట్టుకున్నాం" అని అప్పటికే ఎన్నోసార్లు అన్నాడు. కేటలాగు సంగతి విని, "సరే, చూద్దాం. మా అబ్బా పుస్తకాలకి ఏమైనా అయితే మాత్రం నేనూరుకోను" అన్నాడు.

మరియం పాత కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్క వేలితో, ఒక్కో పుస్తకం ఎక్కించింది. వర్షాకాలం మొదలుపెడితే మామిడికాయలు వచ్చేసరికి పూర్తయింది. ఆఖరి పుస్తకం ఎక్కించిన రోజున ఇంట్లో సేమియా చేసి, రమ్యకి స్టీలు డబ్బాలో పెట్టి పంపింది.

తర్వాత కేటలాగులోంచి పుస్తకాలు మాయమవటం మొదలైంది.

ముందు ఒక వంటల పుస్తకం. బీరువాలో ఉంది, కంప్యూటర్లో లేదు. తను సరిగ్గా ఎక్కించలేదేమో అనుకుంది మరియం. మర్నాడు ఒక నవల. ఆ తర్వాత గ్రూపు పరీక్షల పుస్తకాలు వరసగా. వాట్సాప్ గ్రూపులో అవనిగడ్డ సామ్యేలు మెసేజీ పెట్టాడు. సామ్యేలు టైలరు, చర్చి పక్కన పఠన మందిరం అతనే చూసుకుంటాడు. "అందరికీ వందనాలు. మా పుస్తకాలు కేటలాగులోంచి పేజీలతో సహా ఎగిరిపోతున్నాయి. నేనేం ముట్టుకోలేదు. మిషన్ మీద ఒట్టు."

గుడివాడ గంగరాజు మాత్రం ఎప్పట్లాగే రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆయన ఒక లైబ్రరీలో అటెండరుగా రిటైరై, సొంతంగా పఠన మందిరం నడుపుతున్న పెద్దాయన. మాయమైన పుస్తకాలు కొన్ని రోజుల తర్వాత ఒకటొకటే కేటలాగులో మళ్లీ కనపడుతున్నాయి. ఎక్కించేది తనేనని గ్రూపులో ఆయనే చెప్పాడు. "గంగరాజుగారి ఓపికకి దండం పెట్టాలండీ. పోయినవి పోయినట్టు మళ్లీ ఎక్కిస్తున్నారు" అని సామ్యేలు రాశాడు. మరియం కూడా ఒక దండం బొమ్మ పెట్టింది.

చాంద్ దండాలు పెట్టే స్థితిలో లేడు. ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ, సాయంత్రం రీడింగు రూములోకి వచ్చి నిలబడ్డాడు.

"విన్నది నిజమేనా భాబీ?"

"పుస్తకాలు ఉన్నాయి చాంద్. పేర్లే పోతున్నాయి."

"ఇవాళ పేరు పోతుంది, రేపు పుస్తకం పోతుంది. పేరు లేకపోతే పోయిందని ఎవరికి తెలుస్తుంది?"

మరియం బీరువాల వైపు చూసింది. అతనన్నదాంట్లో తప్పేముంది?

"వచ్చే శుక్రవారం జుమ్మా దాకా చూస్తాను. ఈలోగా ఎవరు చేస్తున్నారో తేలితే సరే. లేకపోతే పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్ది మేడ మీద పెట్టేద్దాం. సెల్‌ఫోన్లు బాగుచేసే అతను గది అడుగుతున్నాడు. అద్దె కూడా మాట్లాడేశాను."

"మాట్లాడేశావా!"

"మాటే భాబీ. తాళం ఇవ్వలేదుగా ఇంకా" అన్నాడు చాంద్, కొంచెం తగ్గి.

ఆ సాయంత్రం నమాజులో మరియం మనసు నిలవలేదు. అట్టపెట్టెల్లో, మేడ మీద, ఎండకీ వానకీ, ఎలకలకీ. అంతకంటే తాళం మంచిది కదా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ తనకే బాధేసింది.

మర్నాడు రమ్య వచ్చింది. మొహంలో కంగారేమీ లేదు. కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఎవరు తీసేస్తున్నారో కంప్యూటరు చెప్పదా అని మరియం అడిగింది.

"చెప్పేదేనండీ. కానీ మీ అందరికీ సులువుగా ఉంటుందని మూడు ఊళ్లకీ ఒకటే పాస్‌వర్డ్ ఇచ్చాను. కాబట్టి ఎవరు చేసినా నేనే చేసినట్టు చూపిస్తోంది. బుద్ధి లేని పని. నాదే." అని, మళ్లీ తెరవైపు తిరిగి, "అది సరేగానీ, పోయిన పుస్తకాలేంటో చూశారా మీరు?" అంది.

"చూశాను. మంచిమంచివే పోతున్నాయి."

"కదా? పాత రిపోర్టులు పోలేదు. ఎవరూ ముట్టని గ్రంథాలు పోలేదు. వంటలు, నవలలు, పరీక్షల పుస్తకాలు పోయాయి. వైరస్ అయితే దానికి ఇంత అభిరుచి ఉంటుందా చెప్పండి?"

మరియంకి నవ్వొచ్చింది.

"ఇంకోటి. పదిహేను రోజులు అటూ ఇటూగా మళ్లీ వస్తున్నాయి. అలా వచ్చిన పేజీలు చూడండి. ఈ వంటల పుస్తకం మూడు ఊళ్లలోనూ ఉంది. తిరిగొచ్చిన పేజీలో మీ బందరు పేరు లేదు, అవనిగడ్డ లేదు. గుడివాడ ఒక్కటే ఉంది. గుడివాడలో లేని పుస్తకం ఒక్కటీ పోలేదు."

మరియం తెరవైపు చూసింది, రమ్య వైపు చూసింది. వేలు ముక్కు మీదకి వెళ్లింది. "అంటే... గంగరాజుగారా? ఆయనెందుకు చేస్తారమ్మా? ఆయనకేం ఖర్మ?"

"అదే తెలీదు. ఫోనులో అడిగితే తప్పు పట్టినట్టుంటుంది. ఏమీ అడగకుండా వెళ్లి కాసేపు కూర్చుందాం. మీరూ రండి. మీరుంటే నేనేదో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టుండదు."

బుధవారం గుడివాడ బస్సెక్కారు. ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక టికెట్టుకి డబ్బూ లేదు, కూర్చోటానికి సీటూ లేదు. పెడన దాటినా నిలబడే ఉన్నారు. గుడ్లవల్లేరు దాటాక రమ్యకి కిటికీ పక్క చోటు దొరికితే మరియంని కూర్చోబెట్టింది. దారంతా మరియం ఒకటే అనుకుంది. అంత పెద్దాయన కావాలని ఇలా చేస్తుంటే, ఇక మనుషుల్ని ఏం నమ్మాలి?

గంగరాజు పఠన మందిరం మార్కెట్ దగ్గర ఒక మేడ మీద. మెట్లెక్కుతుంటేనే మాటలు వినిపించాయి. పైకెళ్లి చూస్తే మరియంకి కళ్లు చెదిరాయి. బల్ల నిండా జనం. బట్టల కొట్లో పనిచేసే ఆడవాళ్లు ఇద్దరు నవలల దగ్గర పోట్లాడుకుంటున్నారు. నందివాడ నుంచి పని మీద వచ్చిన రైతు ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటూ పేపరు చదువుతున్నాడు. మూలన నలుగురు పరీక్షలకి చదువుకుంటున్నారు. గంగరాజు తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, కంప్యూటరు ముందు నిటారుగా కూర్చుని ఉన్నాడు. వీళ్లని చూసి లేచి నిలబడి, "రండమ్మా, రండి! చెప్పకుండా వచ్చారే. దుర్గాదేవీ, కొంచెం జరుగమ్మా, వీళ్లకి కుర్చీ ఇయ్యి" అని హడావిడి చేశాడు.

జరిగిన దుర్గాదేవి ఆర్టీసీ కండక్టరు. డ్యూటీ దిగి ఖాకీలోనే వచ్చింది. చేతిలో ఒక నవల. "ముందు నాది రాసి పంపండి మావయ్యా, బస్సు మిస్సవుతాను."

"కండక్టరువి, నీకు బస్సు మిస్సవటమేంటి?"

"నా బస్సు కాదండీ బాబూ, మా ఊరి బస్సు!"

గంగరాజు పుస్తకం తీసుకున్నాడు. కేటలాగులో ఆ పుస్తకం పేజీ తెరిచాడు. పేరు ఒకసారి సరిచూసుకున్నాడు. ఆ తర్వాత, కవరు మీద స్టాంపు అంటించినంత శ్రద్ధగా, 'తొలగించు' అన్న చోట నొక్కాడు. పేజీ పోయింది. ఆయన తల ఊపి, పుస్తకం దుర్గాదేవి చేతిలో పెట్టాడు. "పదిహేను రోజులు. మడతలు పెట్టకు."

మరియం కుర్చీలో ముందుకి వంగింది. ఆ నవల తమ బీరువాలోనూ ఉంది. తను ఒక్క వేలితో ఎక్కించిన పేరు, తన కళ్ల ముందే, ఒక్క నొక్కుతో. నోటిదాకా వచ్చింది మాట. రమ్య ఆమె మణికట్టు మీద చెయ్యి వేసింది, అటు చూడకుండానే.

దుర్గాదేవి మెట్లు దిగిపోయాక రమ్య అడిగింది. "బాబాయ్‌గారూ, ఇప్పుడు పుస్తకం ఇచ్చారు కదా, అదెలా చేస్తారో నాకు మొదట్నుంచీ చెప్పండి. నేర్చుకుంటాను."

గంగరాజు మొహం వెలిగింది. నేర్చుకుంటానన్నవాళ్లు ఆయనకి ఈమధ్య తగల్లేదు కాబోలు.

"మా రోజుల్లో అమ్మా, ప్రతి పుస్తకానికీ లోపల ఒక కార్డుండేది. పుస్తకం ఎవరైనా తీసుకెళ్తే ఆ కార్డు లాగేసి, వాళ్ల పేరున్న సభ్యత్వం టికెట్లో దూర్చి, విడిగా పెట్టేవాళ్లం. తిరిగొస్తే మళ్లీ పుస్తకంలో పెట్టేవాళ్లం. పుస్తకం బయటుంటే కార్డు లోపల ఉండకూడదు. ఉంటే మనం అబద్ధమాడినట్టే. చదువుకునేవాడు ఉందనుకుని మెట్లెక్కి వస్తాడు. లేదంటే ఉసూరుమంటాడు. అందుకని మీ కేటలాగులో కూడా పుస్తకం వెళ్లగానే తీసేస్తాను. రాగానే మళ్లీ టైపు చేస్తాను. కొంచెం చాకిరీయే అనుకోండి. కానీ అబద్ధం ఉండదు."

మరియం తెరవైపు, ఆయన వేళ్ల వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈయన తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ మళ్లీ మొదట్నుంచీ టైపు చేస్తున్నాడా! ఆ ఒక్క పేజీ మీద మూడు ఊళ్లు ఆధారపడి ఉన్నాయని ఆయనకి తోచలేదు. తన పెట్టెలోంచి తన కార్డే తీసుకుంటున్నాననుకుంటున్నాడు.

ఇప్పుడు రమ్య చెప్పేస్తుంది, ఆయన మొహం వాడిపోతుంది, ఇంతమంది ముందు అనుకుంది మరియం.

రమ్య కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. "మీరన్నది నిజమే బాబాయ్‌గారూ. పుస్తకం బయటుంటే లోపల ఉందని చెప్పకూడదు. మన కేటలాగుకి ఆ మాట చెప్పటం రాదు. ఏ ఊరిదో అడుగుతుంది గానీ ఇప్పుడు ఎక్కడుందో అడగదు. తీసిన కార్డు పెట్టుకోవటానికి మీకు నేను చోటే ఇవ్వలేదు. ఈ వారంలో చేసిస్తాను. పేజీ అలాగే ఉంటుంది. మీరు 'బయట' అని నొక్కితే చాలు. తిరిగి టైపు చేసే పని కూడా ఉండదు."

"అలా అయితే మంచిదేగా!" అన్నాడు గంగరాజు. టీ తెప్పించాడు. వద్దన్నా బన్ను తెప్పించాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ సీట్లు దొరికాయి. పెడన దగ్గర పడుతుండగా మరియం అడిగింది. "ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. ఆయనకి నిజం చెప్పకపోతే, మనం అబద్ధమాడినట్టు కాదా?"

రమ్య వెంటనే కాదనలేదు. ఆ సంగతి మరియంకి తర్వాత కూడా గుర్తుండిపోయింది.

"నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదండీ. చోటు ఇవ్వకపోవటం నా తప్పే. ఆయన నొక్కింది దాని తర్వాత సంగతి. చెప్పినంతతోనే పని జరిగిపోతున్నప్పుడు మిగతాది కూడా చెప్పి తీరాలా? ఏమో, నాకూ తెలీదు. ఆయన మేడ మీద మనుషుల్ని చూశారుగా. రేపు కంప్యూటరు ముట్టుకోవటానికి ఆయన జంకితే ఆ కుర్చీలన్నీ ఖాళీ అయిపోతాయి."

బస్సు దిగి ఇంటికి నడుస్తూ మరియం అనుకుంది, తను ఇన్నేళ్లూ తాళాలు పట్టుకుని తిరిగింది, ఈ పిల్ల మనుషుల్ని పట్టుకుని తిరుగుతోంది. తన వయసులో సగం ఉండదు. ఎక్కడ నేర్చుకుంది ఇదంతా?

మర్నాడు పొద్దున్నే గంగరాజు దగ్గర్నుంచి ఫోను.

"అమ్మా మరియం, ఒకటడుగుతాను. దాచకుండా చెప్పు. పోతున్న పేజీలు... అది నేనే కదూ?"

మరియం ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"పడుకుని ఆలోచిస్తే తట్టింది. మీరు నాకు దండాలు కూడా పెట్టారు. నేను దర్జాగా తీసుకున్నాను!" ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం తడి ఉంది. "రమ్యమ్మకి మాత్రం నాకు తెలిసిందని చెప్పకు. పాపం, ఎంత జాగ్రత్తగా దాచిపెట్టిందో. తెలిస్తే బాధపడుతుంది."

"చెప్పను బాబాయ్‌గారూ" అంది మరియం. ఇద్దరి మాటా ఇప్పుడు తన దగ్గరే ఉంది. ఇదొక అమానత్ అనుకుంది.

రమ్య అన్నట్టే పేజీలో ఒక్కో ఊరి కాపీకి రెండు గళ్లు పెట్టింది. 'ఎవరిది', 'ఇప్పుడెక్కడ'. రెండోదాంట్లో ఊరి పేరో, 'బయట' అనో పెట్టాలి. ఊరికో పాస్‌వర్డ్ ఇచ్చింది. పోయిన పేజీలన్నీ పాత కాపీలోంచి వెనక్కి తెచ్చింది. అందరూ ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని, ఎవరిదో చూసి, ఆ గళ్లు నింపాలని గ్రూపులో చెప్పింది. సామ్యేలు, "మళ్లీనా తల్లీ! నా మిషన్ తుప్పు పడుతుంది" అని రాసి, ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు.

శుక్రవారం జుమ్మా అయ్యాక చాంద్ వచ్చాడు, టోపీ ఇంకా తల మీదే ఉంది.

"తేలిందా భాబీ?"

"తేలింది. దొంగతనం కాదు. పుస్తకం ఎవరైనా చదవటానికి తీసుకెళ్తే పేజీ పోతోంది. అదీ సంగతి. ఇప్పుడు సరి చేశారు."

"ఎవరు తీసేశారు?"

"చెప్పను."

"అదేంటి?"

"అడక్కు చాంద్. నీ షాపులో ఎవరో జిప్పు తప్పు కుడితే పేరు బోర్డు మీద రాస్తావా?"

చాంద్ నవ్వాపుకున్నాడు. బల్ల వైపు, ఖాళీ కుర్చీల వైపు చూశాడు. "సరే, దొంగ లేడు. కానీ చదివేవాళ్లు గుడివాడలో ఉన్నారని నువ్వే అన్నావు. మన గదిలో ఎవరున్నారు భాబీ? నువ్వే చెప్పు."

మరియం వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. వారానికి నాలుగైదు పుస్తకాలు రమ్య సంచిలో బయటికి వెళ్తున్నాయి. మొన్న ముదినేపల్లిలో చేపల చెరువులున్న ఒకాయన ఉర్దూ కథలు అడిగాడు. ఆ మాట చెప్పింది. చాంద్ తల ఊపాడు గానీ, అద్దె ముందు అది ఆనలేదని మొహంలో తెలుస్తూనే ఉంది.

"నువ్వు ఏం చెయ్యాలన్నా సరే" అంది మరియం. "గది ఖాళీ చేయించాలన్నా ముందు ఏ పుస్తకం ఎవరిదో తేల్చాలి. రమ్య అడిగింది. పై అరలు నాకందవు, పోయినసారి మీ అన్న తీసిచ్చారు. ఈ ఒక్క పూట సాయం చెయ్యి. తర్వాత నీ ఇష్టం."

చాంద్ చొక్కా చేతులు మడిచి స్టూలెక్కాడు. తీసి ఇస్తుంటే ఆమె తుడిచి గడి నింపుతోంది. ఎవరిది, బందరు. ఇప్పుడెక్కడ, బందరు. ఎవరిది, బందరు. చాలాసేపు అదే. నడుమ చాంద్ చేతులాగాయి.

"భాబీ, ఇది మనది కాదు."

పలచటి పుస్తకం. పసిపిల్లల పెంపకం గురించి. మొదటి పేజీ మీద వంకాయరంగు ముద్ర, అవనిగడ్డ పఠన మందిరం. అప్పుడు మరియం అట్ట మీది పేరు చూసి ఎక్కించిందే గానీ లోపల తిప్పలేదు. వెనక అట్టకి అంటించిన చీటీ మీద ఆఖరి పేరు లాల్, బందరు. తేదీ డెబ్బై ఏడు అక్టోబరు.

చాంద్ స్టూలు మీదే కూర్చుండిపోయాడు. అతను పుట్టింది ఆ ఏడే. నెలలు నిండకుండా పుట్టాడనీ, పిడికెడు ఉండేవాడనీ, పాలు పట్టక అందరూ ఆశ వదులుకున్నారనీ అత్తగారు ఎప్పుడూ చెబుతూ ఉండేది. పుస్తకం మధ్యలో బరువు పెరగని పిల్లల గురించి రాసిన చోట కాగితం నూనె మరకలతో పారదర్శకంగా అయిపోయి ఉంది. ఎన్నిసార్లు తిప్పారో, ఎవరి చేతులో.

"నా కోసం తెచ్చాడు" అన్నాడు చాంద్. "అబ్బా అవనిగడ్డ దాకా వెళ్లి తెచ్చాడు."

"తిరిగిచ్చేలోపు ఉప్పెన వచ్చింది" అంది మరియం మెల్లగా. ఆ నవంబరు సంగతి దివిసీమలో ఎవరినడిగినా చెబుతారు.

సామ్యేలుకి ఫోను చేశారు. చెబుతుంటే అవతల మిషన్ చప్పుడు ఆగిపోయింది. లైను కట్టయిందేమో అనుకుంది మరియం.

"ఉన్నానక్కా" అన్నాడు చివరికి. "అప్పుడు చూసుకున్నది మా నాన్నగారు. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే బీరువాలే లేవంట. ఆ మందిరంలోది ఒక్క కాగితం కూడా మిగల్లేదక్కా. ఇప్పుడున్నవన్నీ ఆ తర్వాత కూడబెట్టినవే. ఆ ముద్ర ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్లేదు."

మరియం ఫోను పెట్టేసి ఆ పుస్తకం వైపే చూస్తూ ఉంది. ఒకరి సొత్తు తిరిగివ్వకపోవటం తప్పే. గడువుకి ఇచ్చి ఉంటే అది కూడా నీళ్లలో కలిసిపోయేది. బీరువాలో భద్రంగా ఉన్నవన్నీ పోయాయి, బయటికి వెళ్లింది ఒక్కటే బతికింది. దీన్నేమనాలి? ఎవరు చెబుతారు? ఆమె ఆ పేజీలో గళ్లు నింపింది. ఎవరిది, అవనిగడ్డ. ఇప్పుడెక్కడ, బందరు.

"రేపు శనివారమేగా. రమ్య సంచిలో పంపేద్దాం" అంది.

"వద్దు" అన్నాడు చాంద్. "నేను వెళ్తాను. నువ్వూ రా."

శనివారం పొద్దున్నే చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సు. కండక్టరు చాంద్ ఒక్కడి దగ్గరే డబ్బులు తీసుకున్నాడు. "నీకు ఊరికే, నాకు డబ్బులు. ఏం న్యాయం భాబీ ఇది?" అన్నాడు. పుస్తకం షాపులోంచి తెచ్చిన కొత్త బ్యాగులో ఉంది, ఒళ్లో పెట్టుకున్నాడు. రెండో పంట కోతలైన పొలాల్లో గడ్డి మోపులు కడుతున్నారు. మోపిదేవి దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాడు. "ఆ సెల్‌ఫోన్ల అతనికి రాజుపేటలో వేరే గది చూపించాను."

"ఎప్పుడు?"

"నిన్న రాత్రి. మన గదికి బోర్డు పెట్టాలి భాబీ. లోపల ఏముందో వీధిలోవాళ్లకి తెలిసేలా. నువ్వు పుస్తకాలు చూసుకో. మనుషుల్ని లోపలికి పిలవటం నాకొదిలెయ్యి. బ్యాగులే అమ్ముతున్నాను, ఇవివ్వలేనా?"

మరియం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, దేనికో.

సామ్యేలు టేపు మెడలో వేసుకునే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల బల్ల మీద కొత్త దుప్పటి పరిచాడు. చాంద్ బ్యాగు తెరిచి, రెండు చేతులతో పుస్తకం అందించాడు. సామ్యేలు మొదటి పేజీ తిప్పి ఆ ముద్ర మీద వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. పెదాలు కదిలాయి, ప్రార్థన చేసుకున్నాడేమో. తర్వాత వెనక చీటీ చూసి, కళ్లు తుడుచుకుని, గొంతు సరిచేసుకున్నాడు.

"గడువు పదిహేను రోజులండీ."

"బస్సు దొరకలేదండీ" అన్నాడు చాంద్.

ముగ్గురూ నవ్వారు. సామ్యేలు కంప్యూటరులో ఆ పేజీ తెరిచి, గడి మార్చబోయి, ఆగి, కుర్చీ చాంద్ వైపు జరిపాడు.

"మీరే కొట్టండి."

చాంద్ కూర్చున్నాడు. 'ఇప్పుడెక్కడ' అన్న గడిలో బందరుని చెరిపి, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అవనిగడ్డ అని కొట్టాడు.